తడి పరీక్ష

ముందు నేలని నమ్మకూడదు, అంటుంది ఆర్లీన్.
అరచెయ్యి ఆనిస్తే పొడి,
చెంప ఆనిస్తే చల్లన.
రెండూ సాక్ష్యానికి పనికిరావు.
మూరెడు ప్లాస్టిక్ కాగితం పరిచి
నాలుగంచులూ టేపుతో మూసి
ఒక రాత్రీ ఒక పగలూ దాని మానాన వదిలెయ్యాలి.

మర్నాడు వచ్చి ఒంగి చూశాను.
కాగితం లోపలివైపు చెమట.

నీరు పల్లమెరుగు అన్నవాళ్లు
విన్నిపెగ్ బంకమట్టి చూసుండరు.
ఇక్కడి నీళ్లకి ఎక్కడం కూడా వచ్చు.
ఏప్రిల్‌లో మంచు విడవగానే
సిమెంటు సూదిబెజ్జాల్లోంచి
చప్పుడు లేకుండా పైకొస్తాయి,
పోతూ పోతూ గోడ మొదట్లో
తెల్లగా ఉప్పు పూయించి పోతాయి.

ఇంటావిడ స్టెఫానియా హ్రిసాక్, ఎనభై రెండేళ్లు.
నాలుగో మెట్టు మీద కూర్చుని మాకు కాపలా.
ఒళ్లో గిన్నె, గిన్నెలో బీట్‌రూట్లు,
మణికట్ల దాకా ఎరుపు.
సోయకూర వేసి ఊరబెట్టిన దోసకాయల సీసాలు
నూట పదహారు, పొద్దున్నే నాచేత మోయించింది.
ఒక్కటి పగిలినా కూలి కోస్తానంది.
నవ్వలేదు.

గ్రైండర్ నేలని గీరుతుంటే
పళ్లు కూడా వణుకుతాయి.
పాత పెయింటు, నూనె మరక, ఎవరో వదిలిన బబుల్‌గమ్
అన్నీ ఒకే బూడిదై గొట్టంలోకి పోతాయి.
ఫర్నేసు వెనక మూలకి వెళ్లాక
చెయ్యి దానంతటదే ఆగింది.

మేకుతో రాసిన అక్షరాలు.
కింద సంవత్సరం, డెబ్బై ఒకటి.
పైన ఆవిడ పేరు, మధ్యలో ‘ఎ’ లేకుండా.
స్టెఫ్‌నియా.

ఆర్లీన్‌ని చూశాను. ఆర్లీన్ మెట్లవైపు చూసింది.
"మెట్రో రాశాడు," అంది ఆవిడ తరుగుతూనే.
"పెళ్లయి ఆరు వారాలు. పచ్చి సిమెంటు,
పక్కన బీరు సీసా.
నా పేరు రాయడం రాని మనిషితో
నలభై నాలుగేళ్లు."
కత్తి ఒక్క క్షణం ఆగింది.
"గీరెయ్యి. నీళ్లొచ్చేది ఆ మూల నుంచేగా?"

నిజమే. ప్లాస్టిక్ కింద
అన్నిటికన్నా పెద్ద బొట్లు అక్కడే.

గీరాను. పైపైన పోయింది, లోపల పోలేదు.
సగం బీరు తాగిన వాడికి అంత బలం ఎక్కడిదో
మేకు అంగుళం లోతుకి దిగింది.
ఇక పూడ్చాల్సిందే.
పుట్టీ కలిపి, బద్దతో నొక్కి, చదును చేసి
లేచేసరికి పక్కన ఆవిడ.
మోకాళ్లు విరిగే చప్పుడుతో కూర్చుంది.
ఎర్రటి చూపుడువేలు.
మెత్తగా ఉన్న పుట్టీలో
ఒకే ఒక్క ‘ఎ’ రాసింది.
పేరు లేదు. అక్షరం ఒకటే.
"తప్పు దిద్దాలిగా," అని
నా భుజం పట్టుకుని లేచింది.
చొక్కా మీద ఆ మరక ఇంకా వదల్లేదు.

తర్వాత రంగు.
రెండు డబ్బాలు, తడిని ఓర్చుకునే రకం.
విడివిడిగా ఏళ్లు నిద్రపోతాయి.
కలిపావా, చేతిలో ముప్పై ఐదు నిమిషాలు.
ఆ పైన బకెట్ కాగుతుంది, రోలర్ రాయవుతుంది.
ఫోను మోగినా, ముక్కు దురదపెట్టినా
ఆగడానికి లేదు.
దూరపు మూల నుంచి మొదలుపెట్టి
వెనక్కి, ఇంకా వెనక్కి, మెట్ల దాకా.
నడిచిన చోటికి మళ్లీ పోలేవు.
ఈ సంగతి ఆర్లీన్ ఒక్కసారే చెప్పింది,
నేను మొదటిరోజే మూలలో ఇరుక్కున్నాక.

ఆ అక్షరం మీద రోలర్ వెళ్లినప్పుడు
కొంచెం ఎక్కువ నొక్కానేమో, తెలీదు.
ఇప్పుడక్కడ అంతా ఒకటే బూడిద రంగు,
లైటు పడితే చెరువులా మెరుస్తోంది.

"పిల్లిని ఒకరోజు పైనే కట్టెయ్యండి,
సీసాలు వారం దాకా దించకండి," అంది ఆర్లీన్ బిల్లు రాస్తూ.
"ఇక రావుగా నీళ్లు?" అనడిగింది ఆవిడ.

"వస్తాయి," అంది ఆర్లీన్.
"ఇక్కడిదాకా వచ్చి ఆగుతాయి."